వెనక ఎడమ తలుపు

శనివారం
ఈరోజు రక్షణ ఏర్పాటు: గొంతు తాళం, ముందు చక్రానికి గొలుసు.

బీమా కంపెనీ వాళ్ళు ఈరోజు నుంచి ప్రతి బండి యజమానీ రోజుకో పేజీ రాయాలన్నారు. బండిని దొంగల నుంచి ఎలా కాపాడుకుంటున్నాం, ఎక్కడికి తీసుకెళ్ళాం, అనుమానం కలిగించే సంగతులేమైనా జరిగాయా, ఇవన్నీ రాయాలట. రాయకపోతే బండి పోయిన రోజున మా గుమ్మం ఎక్కొద్దని కూడా చెప్పారు, అదీ నవ్వుతూనే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడిపిల్లలకి లెక్కల హోంవర్కు ఇచ్చిన దాన్ని, ఈ వయసులో నాకు హోంవర్కు పడింది. సరే, రాస్తాను. ఇష్టమొచ్చినట్టు రాస్తాను. చదివేవాళ్ళే పడతారు.

నా పేరు శేషారత్నం. ఉండేది మార్కాపురం పక్కన కొత్త నాగాయలంక. పాత నాగాయలంకని సముద్రం మింగేశాక మమ్మల్నందరినీ తెచ్చి ఈ పలకరాళ్ళ నేల మీద దించారు. అక్కడ కాళ్ళకి బురద, ఇక్కడ ముక్కు నిండా పలక దుమ్ము. ఎండ సైరన్ మోగిందంటే తలుపులు మూసుకుని లోపల పడుండాలి, మళ్ళీ సాయంత్రం సైరన్ మోగేదాకా వీధిలో మనిషి కనపడడు.

మా బండి వెనక సీటుకి మా ఆయన నాంచారయ్య గారి రక్తం కడిగే యంత్రం బిగించి ఉంది. రోజు విడిచి రోజు ఆయన అందులో కూర్చోవాలి, గడువు దాటితే కాళ్ళు పొంగి ఊపిరి అందదు. ఆయన ఒంటికి సరిపోయేలా నెలల తరబడి సరిచేసి ఇచ్చిన యంత్రం అది, ఇంకొకరికి పనికిరాదు, ఇంకొకరిది ఆయనకి పనికిరాదు. కొత్తది కావాలంటే జిల్లా ఆఫీసులో వరసలో నిలబడాలి. పోయినేడు పేరు రాయించుకున్న వాళ్ళకే ఇంకా రాలేదు. కాబట్టి బండి పోతే ఏమవుతుందో బీమా వాళ్ళకి నేను విడిగా రాయక్కర్లేదు.

ఇంట్లో ఆగి ఉన్న బండిలో కూర్చోవడం ఆయనకి తోచదు. అందుకని పొద్దున్నే కొండ రోడ్డు మీద తిప్పుకొస్తాను. తిప్పడమంటే నేను చేసేదేం లేదు, మా ఇద్దరిలో ఎవరి గొంతుతో "పద" అన్నా బండే వెళ్తుంది. ఈరోజు "పద" అన్నాను. గేటు దాటుతుండగా ఈయన ఒక్క తుమ్ము తుమ్మారు. ఇంకేముంది, బండి టక్కున ఆగి వెనక ఎడమ తలుపు తెరిచింది. ఈయన దిగి, గుమ్మం పక్క సిమెంటు గట్టు మీద కూర్చుని, తీరిగ్గా మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కారు. అప్పుడు తలుపు దానంతటదే మూసుకుని బండి కదిలింది. బయలుదేరేటప్పుడు ఒంటి తుమ్ము వస్తే అలా చెయ్యాలని ఆయన పట్టింపు. మొదట్లో "ఆగు" అని తనే తలుపు తీసుకునేవారు. మనం మళ్ళీ మళ్ళీ ఏది చేస్తే అది నేర్చుకునే రకం బండి కదా, ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే ఆగుతుంది. మాటా పలుకూ ఉండదు. లోపల తుమ్ము వినపడితే చాలు, తలుపు తెరిచి ఊరుకుంటుంది. తుమ్మినవాళ్ళే మళ్ళీ తుమ్మి జంట చేస్తే తప్ప, ఎవరో ఒకరు దిగి, కూర్చుని, నీళ్ళు తాగడం దాని కంట పడేదాకా ఇంక కదలదు.

"నిలబడి రెండు గుక్కలు తాగి ఎక్కెయ్యండి, ఎండెక్కుతోంది" అన్నాను.

"కూర్చుని తాగాలే రత్నం. నిలబడి తాగితే తుమ్ము దోషం అట్టాగే ఉంటది."

"పోనీ ఇంకోసారి తుమ్మండి. జంట తుమ్ములు మంచివేగా మీ శాస్త్రంలో."

"కావాలని తుమ్మితే లెక్కలోకి రాదు" అన్నారు, లెక్కల టీచరుతో.

అనుమానం కలిగించే సంగతులు: మా ఆయన.

ఆదివారం
ఈరోజు రక్షణ ఏర్పాటు: గొంతు తాళం, రెండు చక్రాలకీ గొలుసులు.

పక్కింటి పేరంటాలు వదిన వాళ్ళ బండి పోయింది. మిట్టమధ్యాహ్నం, ఊరంతా తలుపులు మూసుకుని నిద్రపోతున్న వేళ. కాలనీలో ఇది మూడోది. గొలుసు కోసిన చోట కత్తిరించిన రేకులా నున్నగా ఉంది.

గేటు కెమెరాలో పట్టిన శబ్దం వినిపించారు. "పద" అని వదిన వాళ్ళాయన సత్యం అన్నయ్య గొంతే, అనుమానం లేదు. ఆ సమయానికి సత్యం అన్నయ్య మంచం మీద గురక పెడుతున్నాడు.

"ఆ గురక నేను విన్నాను వొదినా, పక్కనే ఉన్నాగా" అంది పేరంటాలు, కళ్ళొత్తుకుంటూ. "పోలీసులు మాత్రం మీ ఆయనే ఎవరికో అమ్ముకున్నాడేమో కనుక్కోండి అంటన్నారు."

వాళ్ళ ఇంటి చల్లదనమంతా ఆ బండి బ్యాటరీ మీదే నడిచేది. ఇక మీద ఎండ గంటల్లో ఆలుమగలిద్దరూ మా ముందు గదిలో పడుకుంటారు. ఆ గురక ఇక నేను కూడా వినాలి. నాకు నవ్వు రాలేదు మాత్రం. ఆ గొలుసు ముక్క చూసిన దగ్గర్నుంచీ మాటిమాటికీ వెళ్ళి మా గొలుసులు లాగి చూసుకుంటున్నాను.

సోమవారం
ఈరోజు రక్షణ ఏర్పాటు: గొంతు తాళం, రెండు గొలుసులు, బండికి అడ్డంగా మంచం.

పొద్దున్న ఈయన రక్తం కడగడం అయింది. తుమ్ములేవీ రాలేదు, దేవుడి దయ.

సాయంత్రం ఒక కుర్రాడు వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట. మునిగిపోయిన ఊళ్ళ కబుర్లన్నీ పోగు చేసి దాచిపెడుతున్నామన్నాడు. కాలనీలో పెద్దవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళాడట, సత్యం అన్నయ్య ఒక పూటంతా మాట్లాడాడట. మా ఊరి వాళ్ళకి ఇంకేం కావాలి. పాత నాగాయలంక గురించి ఎవరైనా అడిగితే చాలు, అన్నం మానేసి చెబుతారు. మా ఆయన రొయ్యల చెరువుల దగ్గర మొదలుపెట్టి, రేవు, జనాన్ని ఏరు దాటించే పంటు, ఉప్పెన, చివరికి మా పెళ్ళిలో వడ్డించిన పీతల కూర దాకా వచ్చారు. ఆయన మొహం అంత వెలిగిపోవడం ఈ మధ్య చూళ్ళేదు. నేను లోపలికెళ్ళి మజ్జిగ కలిపి తెచ్చాను.

"పడవ నీళ్ళలోకి తోసేటప్పుడు ఏమని కేకేసేవాళ్ళు బాబాయిగారూ?" అని అడిగాడు కుర్రాడు.

"ఏముందీ, పద పద పద అనేవాళ్ళం" అంటూ ఈయన నిజంగానే కేకేశారు. వాకిట్లో బండి ఉలిక్కిపడి దీపాలు వెలిగించింది. ముగ్గురం నవ్వుకున్నాం.

అనుమానం కలిగించే సంగతులు: ఏమీ లేవు.

మంగళవారం
ఈరోజు రక్షణ ఏర్పాటు: పైవన్నీ. మంచం మీద సత్యం అన్నయ్య.

మార్కాపురంలో జానీబాషా షెడ్డుకి వెళ్ళాం. మా బండి సంగతులన్నీ చూసేది అతనే.

"గొంతు తాళం ఇప్పుడు తాళమే కాదమ్మా" అన్నాడు. "గొంతు ఎవరిదైనా దించేస్తన్నారు. వేలు పెడితే గానీ కదలని కొత్త తాళం పెడతా. కాకపోతే అది ఎక్కించాలంటే పాత బుర్ర మొత్తం తుడిచేయాల. ఇన్నాళ్ళూ నేర్చుకున్న అలవాట్లన్నీ పోతయ్. యంత్రం జోలికి మాత్రం పోను, అది అట్లనే ఉంటది."

"అలవాట్లన్నీ అంటే, తుమ్ముకి ఆగేది కూడా పోతుందా?" అని అడిగాను.

"అదేందమ్మా అదీ?"

చెప్పాను. చేతిలో స్పానర్ కింద పెట్టి మరీ నవ్వాడు. పోతుందన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. గురువారం పొద్దున్నే తెస్తామని చెప్పి వచ్చేశాం.

తిరిగొస్తుంటే కొండ మలుపు దగ్గర ఈయన, "నా దగ్గర నేర్చుకున్నదంతా పోద్దన్న మాట" అన్నారు, బయటికి చూస్తూ. ప్రాణం కన్నా తుమ్ము ఎక్కువా అని కసిరాను. కాదన్నట్టు తల ఊపారు. ఇంటికొచ్చాక నాకే మనసు ఒప్పక, ఆయనకిష్టమని ఎండు చేపలు, మెత్తళ్ళు, వేయించాను. తిన్నారు గానీ బాగున్నాయనలేదు.

బుధవారం
ఈరోజు రక్షణ ఏర్పాటు: అన్నీ ఉన్నాయి. బండి లేదు.

ఈ పేజీ గురువారం కూర్చుని రాస్తున్నాను. నిన్న పెన్ను పట్టుకునే స్థితిలో లేను.

బుధవారం నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజు. పొద్దున్నంతా బిందెలతోనే సరిపోయింది. రక్తం కడగడం సాయంత్రానికి పెట్టుకున్నాం. ఎండ సైరన్ మోగింది, సత్యం అన్నయ్యని లోపలికి పిలిచాం, ఆ ఎండలో మంచం మీద ఉంచితే మనిషి దక్కడు. తలుపులు మూసి పడుకున్నాం. కాసేపటికి వాకిట్లో ఏదో ఈడ్చిన చప్పుడైంది. నేను తలుపు తీసేసరికి మంచం గోడవారగా ఉంది, గొలుసులు రెండూ నేల మీదున్నాయి, గేటు తెరిచి ఉంది.

కెమెరాలో మా ఆయన గొంతు. "పద పద పద."

ఆ కేక వినగానే ఆ తెల్లచొక్కా కుర్రాడు గుర్తొచ్చాడు. పేరంటాలు వదినకీ గుర్తొచ్చాడు. అతను వచ్చి కూర్చున్న ఇళ్ళ బళ్ళే పోయాయి. అతనికి నా చేత్తో మజ్జిగ ఇచ్చాను, రెండో గ్లాసు కూడా పోశాను.

ఈయన మంచం మీద లేచి కూర్చుని ఆ కేక మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని విన్నారు. "నోరు మూసుకుని ఉండాల్సింది రత్నం" అన్నారు. అప్పటికే ఆయన కాళ్ళు పొంగి ఉన్నాయి, మాట మాటకీ ఊపిరి అందడం లేదు. ఆయన లేకుండా ఈ రాళ్ళ మీద నేనేం చెయ్యను అనిపించింది, అదొక్కటే అనిపించింది.

కానిస్టేబుల్ సుగుణ వచ్చింది. ఇక్కడి పిల్లే, చురుకైంది. బండి జాడ తెలిపే బిళ్ళ చివరిసారి పాత పలకల గని దగ్గర పలికిందట. "అక్కడ దాన్ని ఊడబెరికి ఉంటారు మేడమ్. తర్వాత ఎటు పోయినారో తెలీదు. పోయి చూద్దాం రండి" అంది. ఆయన్ని పేరంటాలు వదినకి అప్పజెప్పి, సాయంత్రం సైరన్ కోసం కూడా ఆగకుండా తడిగుడ్డ నెత్తిన వేసుకుని జీపెక్కాను.

గనిలో మా బండి ఉంది.

దూరం నుంచే చూశాను. మొదట నమ్మలేదు. రాళ్ళ గుట్ట పక్కన నిలబడి ఉంది, చక్రాలు ఉన్నాయి, అద్దాలు ఉన్నాయి, లోపల యంత్రం ఉంది. బండి మీద చెయ్యి వేసి ఏడ్చాను, అంతమంది గని వాళ్ళు ఉన్నారని కూడా చూసుకోలేదు. ఎండకి పాకలో తలదాచుకుని ఉన్న వాళ్ళే, కాలినడకన పారిపోతున్న ఒకణ్ణి పట్టుకుని తమ పాకలో కూర్చోబెట్టామన్నారు. సుగుణ అటు వెళ్ళింది.

నేను బండెక్కి "పద" అన్నాను. కదల్లేదు. ఇంకోసారి అన్నాను. దీపాలు వెలుగుతున్నాయి, బ్యాటరీ నిండుగా ఉంది, నా గొంతుని గుర్తుపట్టి గంట కూడా మోగించింది. కదలదు. దొంగ వెధవ ఏదో పాడుచేశాడనుకున్నాను. తోయించి చూశాం, చక్రాలు బిగుసుకుని ఉన్నాయి. ఈడ్చుకెళ్ళే లారీ రావాలంటే తెల్లారుతుందన్నారు. తెల్లారేదాకా ఆయన ఉంటారో లేదో. పేరంటాలు వదిన ఫోన్ చేసి, "తొందరగా రా వొదినా, అన్నయ్యగారు మాట్లాడటం మానేశారు" అంది.

ఏం చెయ్యాలో తెలియక, తెరిచి ఉన్న వెనక తలుపు విసురుగా వేశాను. అది మళ్ళీ తెరుచుకుంది.

మళ్ళీ వేశాను. మళ్ళీ తెరుచుకుంది. మిగతా మూడు తలుపులూ మూసే ఉన్నాయి. ఇదొక్కటే, వెనక ఎడమ తలుపు, ఆయన దిగే తలుపు, తెరుచుకుని ఊరుకుంటోంది.

చుట్టూ పలక దుమ్ము. గని వాళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూ తుమ్ముతున్నారు.

అప్పుడు తెలిసింది నాకు. చెప్పడానికి సిగ్గుపడే టైము లేదు. గని వాళ్ళ దగ్గర నీళ్ళ సీసా లాక్కుని అక్కడే నిలబడి గడగడా తాగేశాను. తలుపు మూసుకోలేదు. కూర్చుని తాగాలే రత్నం, అని ఆయన అన్నట్టనిపించింది. సగం సీసా మిగిలింది. ఒక రాతి పలక మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. గని వాళ్ళు, మళ్ళీ వచ్చిన సుగుణ, అందరూ నన్నే చూస్తున్నారు. ఎండకి బుర్ర చెడిందనుకుని ఉంటారు. మా ఆయన తాగినట్టే ఆగి ఆగి తాగాను. మూత పెట్టాను. లేచాను. ఎడమ తలుపు నుంచే ఎక్కాను.

తలుపు మెల్లగా మూసుకుంది. "పద తల్లీ" అన్నాను. వెళ్ళింది.

పాక దగ్గర మాత్రం సుగుణ దిగడానికి ఒక్క నిమిషం ఆపాను. లోపల ఆ తెల్లచొక్కా కుర్రాడే, చొక్కా ఇప్పుడు బూడిద రంగులో ఉంది. నన్ను చూడగానే లేచాడు.

"పిన్నిగారూ, ఏం తాళం పెట్టించారండీ దానికి? ఇన్ని బళ్ళు పట్టుకెళ్ళాం గానీ ఇట్టాంటిది చూళ్ళేదు. బిళ్ళ పీకి మళ్ళీ ఎక్కి బాబాయిగారి గొంతుతో పద అనిపించానో లేదో బిగుసుకుపోయింది. ఎవరో దూరం నుంచి ఆపేశారనుకుని పరిగెత్తాను."

"ఎక్కగానే తుమ్మావా?" అని అడిగాను.

వాడు సుగుణ వైపు చూశాడు, నాకేమైనా అయిందేమోనని. "తుమ్మానండీ. దుమ్ము కదా."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

దారంతా అదే లెక్క వేసుకున్నాను. వాడు ఇంకొక్కసారి తుమ్మి ఉంటే జంటయిపోయేది. బండి వెళ్ళిపోయేది.

ఇంటికి వచ్చేసరికి ఈయన కళ్ళు మూసుకుని ఉన్నారు. సత్యం అన్నయ్యా నేనూ మోసుకొచ్చి సీట్లో కూర్చోబెట్టాం. యంత్రం తిరగడం మొదలైంది. నేను పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపటికి కళ్ళు తెరిచి, "ఎక్కడ దొరికింది?" అన్నారు. చెప్పాను. ఎందుకాగిందో కూడా మొత్తం చెప్పాను, రాతి మీద కూర్చుని నీళ్ళు తాగిన దగ్గరతో సహా. గెలిచినట్టు మొహం పెడతారనుకున్నాను. పెట్టలేదు. నా చెయ్యి వదలకుండా, "ఆ కుర్రాడికి నీళ్ళిచ్చారా?" అని అడిగారు.

గురువారం
ఈరోజు రక్షణ ఏర్పాటు: మా ఆయన పట్టింపు.

జానీబాషాకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పాను. కొత్త తాళం పెట్టాలంటే బుర్ర తుడవకుండా పెట్టే ఉపాయం వెతకమన్నాను. కష్టమన్నాడు. కష్టపడమన్నాను.

కుర్రాడు మొత్తం కక్కేశాడట. పేరంటాలు వదిన వాళ్ళ బండి ఒక మూతపడిన గోడౌన్లో దొరికింది. చక్రాలు లేవు, బ్యాటరీ ఉంది. అది చాలంది వదిన. నిన్న రాత్రి కాలనీ కాలనీ అంతా హాయిగా నిద్రపోయింది. నేను మాత్రం రెండుసార్లు లేచి వాకిట్లోకి చూసుకుని, మళ్ళీ పడుకుని, ఆయన ఊపిరి వింటూ నిద్రపోయాను.

బీమా కంపెనీ అమ్మాయి ఫోన్ చేసి, మీ తాళం పేరేమిటి, మిగతా వాళ్ళకి కూడా చెబుతాం అంది. పైన రాశాను, చదువుకోమన్నాను.

శుక్రవారం
ఈరోజు రక్షణ ఏర్పాటు: అదే.

పొద్దున్నే మామూలుగా బయలుదేరాం. ఈయన మొహంలో కళ వచ్చింది, మెత్తళ్ళు బుధవారం బాగున్నాయని ఈరోజు చెప్పారు. అవి మంగళవారంవి అన్నాను. "పద" అన్నాను. గేటు దగ్గర గాలి ఒక్కసారి పలక దుమ్ము లేపింది, నాకు తుమ్మొచ్చింది.

బండి ఆగింది. వెనక ఎడమ తలుపు తెరుచుకుంది. ఈయన అలవాటుగా కాలు బయట పెట్టబోయారు.

"కూర్చోండి. తుమ్మింది నేను" అన్నాను.

దిగి, సిమెంటు గట్టు మీద కూర్చుని సీసా మూత తీశాను. ఈయన నా వైపు చూడకుండా కొండ వైపు చూస్తున్నారు, మర్యాదకి. సీసా నోటి దగ్గర పెట్టుకోగానే రెండో తుమ్ము వచ్చింది.

"జంటయిపోయిందిగా. ఇంక ఎక్కెయ్యి రత్నం" అన్నారు.

నీళ్ళన్నీ తాగాకే లేచాను.